మూత్రపిండ మార్పిడి తర్వాత: మందు ఎక్కువైందా, తక్కువైందా?

మూత్రపిండ మార్పిడిలో శస్త్రచికిత్స భాగం తేలిపోయి అర్ధశతాబ్దం దాటింది. పాత మూత్రపిండాలను సాధారణంగా ఉన్నచోటనే వదిలేసి, దాత నుంచి తీసినదాన్ని పొత్తికడుపు కింది భాగంలో ఒకవైపున ఉంచి, కాలికి వెళ్ళే పెద్ద ధమనికీ సిరకూ కలిపి కుట్టి, దాని మూత్రనాళాన్ని మూత్రాశయానికి జతచేసే పద్ధతి కొద్దిపాటి మార్పులతో నేటికీ అదే. తేలనిది ఆ తర్వాతి జీవితం. కొత్త కిడ్నీని శరీరం పరాయిదిగా గుర్తించి దాడి చేయకుండా ఆపే మందులను అది పనిచేసినంతకాలమూ రోజూ వాడవలసి ఉండగా, ఆ మందులే అంటురోగాలకు తలుపు తీస్తాయి, మధుమేహాన్ని తెచ్చిపెడతాయి, క్యాన్సర్ అవకాశాన్ని పెంచుతాయి, కొన్నయితే కాపాడవలసిన కిడ్నీనే దెబ్బతీస్తాయి. మోతాదు తగ్గిస్తే ఈ బాధలు తగ్గుతాయి గాని కిడ్నీ పోయే భయం పెరుగుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ చిక్కులను అవయవాలవారీగా, జబ్బులవారీగా విడదీసి చెబుతాయి. బోధనకు అది అనుకూలమే అయినా, వాటిలో అధికభాగం ‘అణచివేత ఎక్కువైందా, తక్కువైందా’ అన్న ఒకే ప్రశ్నకు రెండు వైపుల నుంచి వచ్చే జవాబులన్న సంగతి ఆ విభజనలో మరుగున పడుతుంది.

ఇన్ని చిక్కులున్నా మార్పిడి ఎందుకన్న ప్రశ్నకు సమాధానం స్పష్టంగానే ఉంది. రాబర్ట్ వుల్ఫ్ బృందం అమెరికా రోగుల వివరాలతో 1999లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, డయాలిసిస్‌పై ఉంటూ కిడ్నీ కోసం జాబితాలో వేచి ఉన్నవారితో పోలిస్తే మార్పిడి జరిగినవారికి మొదటి రెండు వారాల్లో మరణ ప్రమాదం 2.8 రెట్లు ఎక్కువగా ఉన్నా, దీర్ఘకాలంలో అది 68 శాతం తక్కువగా తేలింది. కాబట్టి వివాదం మార్పిడి మేలా కాదా అన్నదాని గురించి కాదు; దొరికిన మేలును ఎంతకాలం, ఏ మూల్యానికి నిలబెట్టుకోగలమన్నదాని గురించి.

ప్రశ్న పుట్టిన తీరు

రక్తనాళాలను కుట్టే మెలకువను అలెక్సిస్ కారెల్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దంలోనే సాధించి 1912లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కాని కుట్టు ఎంత చక్కగా కుదిరినా పరాయి కిడ్నీ కొద్ది రోజుల్లోనే చచ్చుబడిపోయేది. 1933లో ఖెర్సన్ నగరంలో యూరీ వొరొనోయ్ మరణించిన దాత నుంచి మనిషికి చేసిన తొలి మార్పిడిలో రోగి రెండు రోజులే బతికింది. దాత, గ్రహీతల రక్తవర్గాలు కూడా కలవలేదు. ఈ వైఫల్యం వెనక ఉన్నది రోగనిరోధక వ్యవస్థేనని 1940లలో చర్మపు అతుకులపై పీటర్ మెడవార్ చేసిన ప్రయోగాలు నిరూపించాయి. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే చేసిన మార్పిడి విజయవంతం కావడానికి కారణం కూడా అదే: దాత, గ్రహీత అచ్చు కవలలు, గ్రహీత శరీరానికి ఆ కిడ్నీ పరాయిది కాదు. ఆ విజయం సమస్యను ఛేదించలేదు, దాని పక్కనుంచి దాటిపోయింది.

కవలలు కానివారికి మొదట ఒళ్ళంతటికీ ఎక్స్‌రే కిరణాలు పెట్టి చూశారు. కిడ్నీ తిరస్కరణ ఆగిన చోట రోగులు అంటురోగాలతో మరణించారు. అణచివేత హద్దు మీరితే ఏమవుతుందో చూపిన తొలి పాఠమది. హిచింగ్స్, ఎలియన్‌ల ప్రయోగశాలలో పుట్టిన అజథయోప్రిన్ 1960ల ఆరంభంలో వాడుకలోకి రాగా, దానికి ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్‌ను జతచేస్తే మొదలైన తిరస్కరణను కూడా వెనక్కి మళ్ళించవచ్చని థామస్ స్టార్జల్ 1963లో చూపాడు. అయినా మరణించిన దాతల కిడ్నీల్లో సుమారు సగం ఏడాది తిరిగేలోపే పోయేవి. నార్వే మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రం నుంచి సాండోజ్ సంస్థ తీసిన సైక్లోస్పోరిన్‌ను రాయ్ కాన్ 1978లో రోగులకు ఇచ్చి చూశాడు; 1983లో అమెరికాలో అనుమతి లభించాక ఆ లెక్క మారిపోయి, ఏడాది నిలిచే కిడ్నీలు 80 శాతం దాటాయి. జపాన్‌లోని త్సుకుబా మట్టి నుంచి టాక్రోలిమస్, ఈస్టర్ దీవి మట్టి నుంచి సిరోలిమస్ వచ్చాయి. 1995లో వచ్చిన మైకోఫినలేట్ క్రమంగా అజథయోప్రిన్ స్థానాన్ని ఆక్రమించింది. ఈ రంగాన్ని మట్టే నిలబెట్టిందంటే అతిశయోక్తి కాదు.

భారతదేశంలో సజీవ దాత నుంచి నిలకడగా విజయవంతమైన మార్పిడి 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మొదలైంది. అవయవాల వ్యాపారాన్ని నిషేధిస్తూ, మెదడు మరణాన్ని గుర్తిస్తూ 1994లో వచ్చిన చట్టాన్ని 2011లో సవరించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ పథకం 2013 నుంచి మరణానంతర దానాన్ని ఒక క్రమంలోకి తెచ్చింది. అయినప్పటికీ దేశంలో జరిగే మార్పిడుల్లో ఎక్కువభాగం ఇప్పటికీ కుటుంబసభ్యులిచ్చే కిడ్నీలతోనే జరుగుతున్నాయి, ఇచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ. పాశ్చాత్య దేశాల అధ్యయనాలను ఇక్కడికి అన్వయించేటప్పుడు ఈ తేడాను మరవరాదు.

తొలి రోజుల చిక్కులు

శస్త్రచికిత్సకు నేరుగా సంబంధించిన చిక్కులపై పెద్దగా వాదాలు లేవు. కిడ్నీ ధమనిలోనో సిరలోనో రక్తం గడ్డకడితే గంటల్లో గుర్తించకపోతే అది దక్కదు. మూత్రనాళం చివరి భాగానికి రక్తప్రసరణ చాలకపోతే మూత్రం లోపలికి కారడమో, తర్వాతి కాలంలో నాళం ఇరుకు కావడమో జరుగుతుంది; దీన్ని నివారించడానికి నాళంలో సన్నని స్టెంట్ గొట్టాన్ని కొన్ని వారాలపాటు ఉంచి తీసేయడం మామూలైంది. తెగిన శోషరస నాళాల నుంచి ఊరిన ద్రవం కిడ్నీ పక్కన తిత్తిలా చేరి మూత్రనాళాన్ని నొక్కవచ్చు. కొన్ని నెలల తర్వాత రక్తపోటు అదుపు తప్పితే కొత్త కిడ్నీ ధమని సన్నబడిందేమోనని అల్ట్రాసౌండ్ డాప్లర్‌తో చూస్తారు.

మార్పిడి జరిగిన మొదటి వారంలోనే మళ్ళీ డయాలిసిస్ అవసరపడటాన్ని ఆలస్యపు ఆరంభం అనవచ్చు. కిడ్నీ దాత శరీరం నుంచి బయటపడి, మంచులో గంటలకొద్దీ ఉండి, తిరిగి రక్తం అందుకునే క్రమంలో కణాలకు కలిగే గాయం దీనికి ముఖ్యకారణం కాబట్టి సజీవ దాతల కిడ్నీల్లో ఇది అరుదు, మరణించిన దాతల కిడ్నీల్లో తరచు. ఇది దానంతట అదే తగ్గేదే అయినా, ఆ రోజుల్లో మూత్రం రాకపోవడం గాయం వల్లనా, తిరస్కరణ వల్లనా, మందు విషప్రభావం వల్లనా అన్నది బయాప్సీ చేయనిదే తేల్చలేని సందర్భాలే ఎక్కువ.

తిరస్కరణ: కణాలదా, యాంటీబాడీలదా

తిరస్కరణను మొదట కాలాన్నిబట్టి విభజించారు: నిమిషాల్లో వచ్చేది, వారాల్లో వచ్చేది, ఏళ్ళమీద వచ్చేది. మొదటి రకానికి కారణం గ్రహీత రక్తంలో ముందే ఉన్న యాంటీబాడీలు. రక్తమార్పిడులు, గర్భాలు, అంతకుముందరి మార్పిడి వీటిని పుట్టిస్తాయి. పటేల్, టెరసాకిలు 1969లో ప్రచురించిన వ్యాసం ఈ రకాన్ని దాదాపు చరిత్రలో కలిపేసింది: దాత కణాలను గ్రహీత రక్తరసంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలో చర్య కనిపించిన 30 మార్పిడుల్లో 24 వెంటనే విఫలం కాగా, కనిపించని 195లో 8 మాత్రమే విఫలమయ్యాయి.

కాలాన్నిబట్టి చేసిన విభజన జబ్బు స్వభావాన్ని చెప్పదు. అందుకే 1991లో కెనడాలోని బాన్ఫ్ పట్టణంలో సమావేశమైన రోగనిర్ధారణ శాస్త్రవేత్తలు బయాప్సీ ముక్కలో కనిపించే మార్పులకు మార్కులు వేసే పద్ధతిని రూపొందించారు. రెండేళ్ళకోసారి సవరించుకుంటూ వస్తున్న ఈ బాన్ఫ్ వర్గీకరణే నేడు ప్రపంచమంతటా ఉమ్మడి భాష. దాని ప్రకారం రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు కిడ్నీ నాళికల్లోకి చొరబడితే కణాల ద్వారా తిరస్కరణ, యాంటీబాడీలు సూక్ష్మ రక్తనాళాల గోడలపై దాడిచేస్తే యాంటీబాడీల ద్వారా తిరస్కరణ. మొదటిదానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, అవసరమైతే కుందేళ్ళ నుంచి తయారుచేసే యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ ఎక్కువగా ఫలిస్తాయి. రెండోదానికి నమ్మదగిన చికిత్స నేటికీ స్థిరపడలేదు. ప్లాస్మా మార్పిడి, ఇమ్యునోగ్లోబ్యులిన్ కలిపి ఇవ్వడం అలవాటుగా సాగుతున్నా, ఏళ్ళ తర్వాత నెమ్మదిగా ముదిరే రకంలో బోర్టెజోమిబ్‌తో చేసిన క్రమబద్ధమైన పరీక్ష ఫలితమివ్వలేదు. 2024లో వెలువడిన ఫెల్జార్టమాబ్ పరీక్షలో మందు తీసుకున్న 11 మందిలో 9 మందికి తిరస్కరణ లక్షణాలు తగ్గడం ఆశ కలిగించింది. కాని మొత్తం పాల్గొన్నవారే 22 మంది.

రెండు వాదాలు

1990ల నాటికి ఒక వింత స్పష్టమైంది. మొదటి ఏడాది ఫలితాలు గొప్పగా మెరుగుపడినా, ఆ తర్వాత ఏటా పోయే కిడ్నీల సంఖ్య ఆ స్థాయిలో తగ్గలేదు. కిడ్నీ పనితీరును సూచించే క్రియాటినిన్ రక్తంలో నెమ్మదిగా పెరుగుతూ, బయాప్సీలో మచ్చకట్టిన కణజాలం, ఎండిన నాళికలు కనిపించే ఈ స్థితికి మార్పిడి కిడ్నీ దీర్ఘవ్యాధి అని అర్థం వచ్చే ఒక పేరు పెట్టారు. పేరు పెట్టడంతో కారణం తెలిసినట్టు భ్రమ కలిగింది. నిజానికి ఆ పేరు తెలియనితనానికి తొడిగిన ముసుగు. 2005 బాన్ఫ్ సమావేశం దాన్ని వర్గీకరణ నుంచి తొలగించడం ఈ చర్చలో ఒక మలుపు.

కారణం మందేనన్నది మొదటి వాదం. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ రెండూ టీ కణాల్లోని కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును ఆపుతాయి. అవే కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని ధమనులను బిగిస్తాయి. మోతాదు తగ్గిస్తే ఆ బిగింపు సడలుతుంది గాని, ఏళ్ళతరబడి కొనసాగితే నాళాల గోడలు గాజులా మందమై శాశ్వతంగా దెబ్బతింటాయి. సిడ్నీకి చెందిన నాన్‌కివెల్ బృందం 120 మంది రోగులకు పదేళ్ళపాటు నిర్ణీత సమయాల్లో చేసిన 961 బయాప్సీలను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ వాదానికి పెద్ద బలం: పదేళ్ళు గడిచేసరికి మందు విషప్రభావపు గుర్తులు దాదాపు అందరిలోనూ కనిపించాయి. దాని ఫలితంగా ఆ మందుల్ని తగ్గించే, మార్చే, మానిపించే ప్రయత్నాలు ఒక దశాబ్దంపాటు ఉద్ధృతంగా సాగాయి.

రెండో వాదం దీనికి ఎదురు నిలిచింది: కిడ్నీలు పోతున్నది మందు ఎక్కువై కాదు, చాలక. మేయో క్లినిక్ రోగులు 1317 మందిని పరిశీలించిన 2009 నాటి అధ్యయనంలో పోయిన కిడ్నీలకు దాదాపు ప్రతిసారీ ఒక నిర్దిష్టమైన కారణం దొరికింది. అందులో మందు విషప్రభావం వాటా అత్యల్పం. హలోరాన్ బృందం 2012లో ఇంకా కటువైన లెక్క చూపింది. కారణం తేలిన 56 వైఫల్యాల్లో 64 శాతం తిరస్కరణవల్ల జరిగినవే, వాటన్నిటిలోనూ యాంటీబాడీల పాత్ర ఉంది, అలా పోయినవారిలో సుమారు సగం మంది మందులు సరిగా వాడనివారు. అదే ఏడాది విన్నిపెగ్ నుంచి వచ్చిన అధ్యయనంలో, మార్పిడి తర్వాత దాతకు వ్యతిరేకంగా కొత్త యాంటీబాడీలు పుట్టినవారు 15 శాతమే అయినా, వారిలో పదేళ్ళు నిలిచిన కిడ్నీలు 57 శాతం, పుట్టనివారిలో 96 శాతం.

ఈ రెండు వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అవి చూసిన రోగులూ వేరు, అడిగిన ప్రశ్నలూ వేరని బోధపడుతుంది. నాన్‌కివెల్ రోగుల్లో ఒక్కరు మినహా అందరూ కిడ్నీతోపాటు క్లోమం కూడా మార్పించుకున్న మధుమేహులు, వాడినది ఎక్కువగా పాతకాలపు మోతాదుల్లో సైక్లోస్పోరిన్. ఆ అధ్యయనం కిడ్నీలో ఏ మచ్చలు ఉన్నాయని అడిగితే, రెండో వర్గం కిడ్నీ ఎందుకు పోయిందని అడిగింది. మచ్చ ఉండటం వేరు, ఆ మచ్చే ప్రాణాంతకం కావడం వేరు. నాళాల గాజుతనం వయసుమీరిన దాతల్లో, రక్తపోటు, మధుమేహం ఉన్నవారిలో కూడా కనిపించేదే. మరోవైపు రెండో వాదానికీ ఒక బలహీనత ఉంది: యాంటీబాడీలు కనిపించిన ప్రతి కిడ్నీనీ తిరస్కరణ ఖాతాలో వేస్తే, మందు తగ్గించడానికి దారితీసిన తొలి కారణం, ఉదాహరణకు ఒక తీవ్రమైన అంటురోగం, లెక్కలోంచి జారిపోతుంది.

మధ్యేమార్గాన్ని చూపినది 2007లో వెలువడిన సింఫనీ పరీక్ష. 1645 మందిని నాలుగు వర్గాలుగా చేసి పోల్చినప్పుడు, తక్కువ మోతాదు టాక్రోలిమస్, మైకోఫినలేట్, స్టెరాయిడ్ కలిపి వాడినవారిలో కిడ్నీ పనితీరు మెరుగ్గానూ, తిరస్కరణ తక్కువగానూ ఉంది. మధుమేహం మాత్రం వారిలోనే ఎక్కువ. కాల్సిన్యూరిన్‌ను తాకకుండా టీ కణానికి అందే రెండో సంకేతాన్ని ఆపే బెలటాసెప్ట్ 2011లో వచ్చింది. సైక్లోస్పోరిన్‌తో పోలిస్తే ఏడేళ్ళలో మరణం లేదా కిడ్నీ నష్టం దీనితో 43 శాతం తగ్గాయి, అయితే మొదట్లో తిరస్కరణలు పెరిగాయి. పోల్చినది నేడు ప్రామాణికమైన టాక్రోలిమస్‌తో కాదన్నది ఈ ఫలితంపై ఉన్న న్యాయమైన అభ్యంతరం. మొత్తంమీద ఆలస్యంగా పోయే కిడ్నీల విషయంలో సాక్ష్యం రెండో వాదం వైపే మొగ్గుతోంది. కాని ఆ సాక్ష్యం పుట్టిన దేశాల్లో క్షయ దాదాపు లేదు.

అంటురోగాలు: అణచివేతకు అసలు మూల్యం

మార్పిడి తర్వాత అంటురోగాలకు ఒక కాలపట్టిక ఉందని రూబిన్, ఫిష్‌మన్‌లు చూపారు. మొదటి నెలలో గాయం, గొట్టాలు, ఆసుపత్రి వాతావరణం ద్వారా వచ్చే బాక్టీరియా. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య, అణచివేత గరిష్ఠంగా ఉన్నప్పుడు, సైటోమెగలో వైరస్, న్యూమోసిస్టిస్, శిలీంధ్రాల వంటి అవకాశవాద జీవులు. ఆ తర్వాత అందరికీ వచ్చే సాధారణ జబ్బులే, కొంచెం తీవ్రంగా. కోట్రైమాక్సజోల్ మాత్ర ఒక్కటే న్యూమోసిస్టిస్ న్యుమోనియాను దాదాపు తుడిచిపెట్టగలగడం ఈ రంగంలో చౌకగా దొరికిన గెలుపు.

సైటోమెగలో వైరస్ చాలామందిలో బాల్యంలోనే చేరి నిద్రాణంగా ఉంటుంది. వైరస్ ఉన్న దాత నుంచి అది లేని గ్రహీతకు కిడ్నీ వస్తే ప్రమాదం అధికం. అలాంటివారికి వాల్‌గాన్సిక్లోవిర్‌ను 100 రోజులకు బదులు 200 రోజులు ఇస్తే ఏడాదిలో జబ్బు వచ్చేవారు సుమారు 37 శాతం నుంచి 16 శాతానికి తగ్గారని 2010 నాటి పరీక్ష చూపింది. భారతీయుల్లో అత్యధికులు ముందే ఈ వైరస్‌కు గురైనవారు కాబట్టి ఆ అత్యంత ప్రమాదకరమైన జత ఇక్కడ అరుదు. అందరికీ ముందుగానే మందివ్వడమా, రక్తంలో వైరస్‌ను తరచు కొలుస్తూ కనిపించినప్పుడే ఇవ్వడమా అన్న వాదన ఇక్కడ ఖర్చు లెక్కగా మారుతుంది: మొదటిది మాత్రల ఖర్చు, రెండోది పరీక్షల ఖర్చు.

బీకే వైరస్ కథ ఇందుకు భిన్నం. 1971లో వెలువడిన నివేదికలో, లండన్‌లో చికిత్స పొందిన ఒక సూడాన్ రోగి పేరులోని పొడి అక్షరాలతో దీనికి పేరు పెట్టారు. అణచివేత బలహీనంగా ఉన్న కాలంలో ఇది కేవలం ఒక విశేషం. టాక్రోలిమస్, మైకోఫినలేట్ జంట వచ్చాక కిడ్నీలను పోగొట్టే జబ్బయింది. దీనికి నిరూపితమైన మందు లేదు. లీవోఫ్లాక్ససిన్‌పై పెట్టుకున్న ఆశను 2014లో వచ్చిన పరీక్ష వమ్ముచేసింది. ఉన్న ఏకైక మార్గం రక్తంలో వైరస్‌ను ముందుగా పసిగట్టి అణచివేతను తగ్గించడమే. తగ్గిస్తే తిరస్కరణ రావచ్చు, బయాప్సీలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. ఎక్కువా తక్కువా అన్న ప్రశ్న ఇంత నగ్నంగా బయటపడే జబ్బు మరొకటి లేదు.

భారత ఉపఖండంలో చర్చంతా చివరికి క్షయ దగ్గరికి చేరుతుంది. మార్పిడి గ్రహీతల్లో 5 నుంచి 15 శాతం మందికి ఇది వస్తున్నట్టు దేశంలోని కేంద్రాలు నివేదించాయి. వెల్లూరు నుంచి 2001లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అది సుమారు 13 శాతం. ఊపిరితిత్తులకే పరిమితం కాక ఒళ్ళంతా పాకడం, దగ్గు లేకుండా కేవలం జ్వరంతో రావడం వీరిలో మామూలు. చికిత్సలో అసలు చిక్కు క్షయకు కీలకమైన మందు రిఫాంపిసిన్. ఇది కాలేయంలో మందులను విరిచే ఎంజైములను ఉసిగొల్పి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ స్థాయులను పడగొడుతుంది. వాటి మోతాదును కొన్ని రెట్లు పెంచకపోతే తిరస్కరణ తప్పదు, పెంచితే నెలసరి ఖర్చు భరించలేనిదవుతుంది, క్షయ మందు ఆపిన రోజు నుంచి పెంచినదంతా విషంగా మారుతుంది. ఇందువల్ల దేశంలో అనేక కేంద్రాలు రిఫాంపిసిన్‌ను వదిలి లీవోఫ్లాక్ససిన్‌తో కూడిన మందులను ఎక్కువకాలం ఇచ్చే పద్ధతిని అనుసరిస్తున్నాయి. కీలకమైన మందును వదులుకోవడం తగదనేవారు ఎంజైములపై తక్కువ ప్రభావం చూపే రిఫాబ్యూటిన్‌ను సూచిస్తారు. రెండు పద్ధతులనూ ఎదురెదురుగా పెట్టి పెద్ద సంఖ్యలో రోగులపై పోల్చిన పరీక్ష లేనందున, ఎవరి అనుభవం వారికి ప్రమాణమైంది. జబ్బు లేనివారికి ముందుజాగ్రత్తగా ఐసోనియజిడ్ ఇవ్వాలా అన్నదీ అంతే వివాదాస్పదం: ప్రయోజనం ఉన్నా కాలేయంపై భారం ఉంది, పైగా మళ్ళీమళ్ళీ క్షయకు గురయ్యే సమాజంలో ఆ రక్షణ ఎంతకాలం నిలుస్తుందన్నది అనుమానమే.

చక్కెర, గుండె, క్యాన్సర్

పనిచేస్తున్న కిడ్నీతోనే రోగి మరణించడం వైద్యులకు అత్యంత బాధాకరమైన ఫలితం. పైన చెప్పిన మేయో అధ్యయనంలో కోల్పోయిన 330 కిడ్నీల్లో 138 అలా పోయినవే. సంపన్న దేశాల్లో ఈ మరణాలకు గుండె జబ్బు, క్యాన్సర్ ప్రధాన కారణాలు కాగా, భారతదేశంలో అంటురోగాలు వాటిని మించుతున్నాయి.

మార్పిడి తర్వాత కొత్తగా వచ్చే మధుమేహానికి స్టెరాయిడ్‌లూ టాక్రోలిమస్సూ రెండూ కారణమే: మొదటిది ఇన్సులిన్‌కు శరీరం లొంగకుండా చేస్తే, రెండోది ఇన్సులిన్ తయారీనే తగ్గిస్తుంది. కొత్తగా వచ్చినదని అంతకుముందు అన్నప్పటికీ, చాలామందికి ముందే ఉండి గుర్తించనిదై ఉండవచ్చని 2013 నిపుణుల సమావేశం ఆ పేరును మార్చింది. దక్షిణాసియావారికి మధుమేహం ముప్పు పుట్టుకతోనే ఎక్కువ కాబట్టి స్టెరాయిడ్‌ను మాన్పించే ప్రయత్నం ఇక్కడ ఆకర్షణీయంగా తోస్తుంది. ఐదేళ్ళపాటు సాగిన వుడిల్ బృందపు పరీక్షలో తొలి వారంలోనే స్టెరాయిడ్ మానినవారిలో కిడ్నీ నష్టం పెరగలేదు గాని తిరస్కరణ 10.8 శాతం నుంచి 17.8 శాతానికి పెరిగింది. బరువు, కొవ్వు, ఇన్సులిన్ అవసరాల్లో లాభం స్వల్పమే. ఆశించినంత బహుమతి కాదని ఒప్పుకోవలసిందే.

క్యాన్సర్ విషయంలో సిరోలిమస్ కథ గుణపాఠం వంటిది. కణ విభజనను ఆపే ఈ మందుకు మారితే చర్మపు క్యాన్సర్ మళ్ళీ రావడం తగ్గిందని 2012లో తేలగా, రెండేళ్ళ తర్వాత అన్ని పరీక్షలనూ కలిపి లెక్కించినప్పుడు క్యాన్సర్లు తగ్గినా మొత్తం మరణాలు పెరిగినట్టు బయటపడింది. ఎప్‌స్టీన్ బార్ వైరస్ ప్రేరణతో వచ్చే లింఫోమా వంటి జబ్బుకు మొదటి చికిత్స కూడా అణచివేతను తగ్గించడమే.

పాత జబ్బు కొత్త కిడ్నీలో

అచ్చు కవలల మధ్య జరిగిన తొలి మార్పిడుల్లోనే పాత నెఫ్రైటిస్ కొత్త కిడ్నీలో తిరగబెట్టడం కనిపించింది. మందు అవసరమే లేనివారిలో వచ్చిన ఈ వైఫల్యం ఎక్కువా తక్కువా అన్న చట్రంలో ఇమడదు. వడపోత గుత్తుల్లో అక్కడక్కడ మచ్చకట్టే రకం జబ్బు సుమారు 30 శాతం మందిలో తిరిగి వస్తుంది, ఒకసారి అలా కిడ్నీ పోయినవారిలో రెండోసారి అవకాశం మరింత ఎక్కువ. మూలవ్యాధి ఏమిటో తెలిస్తేనే ఈ అంచనా సాధ్యం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోలాగా కారణం తేలని కిడ్నీ జబ్బుతో, అదీ రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి బయాప్సీకి వీలులేని దశలో వచ్చే రోగుల విషయంలో తిరగబెట్టే అవకాశాన్ని లెక్కించడానికి ఆధారమే ఉండదు.

మందు మానడం అనే జబ్బు

తిరస్కరణవల్ల జరిగిన వైఫల్యాల్లో సుమారు సగానికి మందులు సరిగా వాడకపోవడమే కారణమని చెప్పే అధ్యయనాలు దాన్ని రోగి నడతగా చూస్తాయి. అది సగం నిజమే. అమెరికాలోనే మార్పిడి ఖర్చు భరించిన ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, వయసు తక్కువైన రోగులకు అణచివేత మందులను 36 నెలలతో ఆపేసేది. ఆ నిబంధన 2023 జనవరి నుంచి గాని సడలలేదు. భారతదేశంలో ఈ ఖర్చు చాలావరకు జేబులోంచి పోయేదే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిధిలోకి కిడ్నీ మార్పిడిని, ఆ తర్వాతి మందులను తేవడం తెలుగు రాష్ట్రాల రోగులకు పెద్ద ఊరట. శస్త్రచికిత్సకు డబ్బిచ్చి మందులకు ఇవ్వని పథకం ఇల్లు కట్టి కప్పు వేయనట్టిది. మందు కంపెనీ మారినప్పుడు రక్తంలో దాని స్థాయి మారవచ్చన్న సంగతి, పంపరపనస వంటి పండ్లు టాక్రోలిమస్ స్థాయిని పెంచగలవన్న సంగతి రోగికి తెలియకపోతే క్రమం తప్పకుండా మింగినా ఫలితం తప్పవచ్చు.

తేలని ప్రశ్నలు

మందే అక్కరలేని సహనస్థితిని సాధించడం ఈ రంగపు పాత కల. దాత మజ్జను కూడా ఎక్కించి, కొందరిలో మందులు పూర్తిగా ఆపగలిగినట్టు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి 2008లో ప్రకటించింది, అహ్మదాబాద్‌లో హెచ్.ఎల్. త్రివేది బృందం మూలకణాలతో ఇటువంటి ప్రయత్నాలే పెద్ద ఎత్తున చేసింది. ఫలితాలు అక్కడక్కడ అద్భుతంగా ఉన్నా, ఎవరిలో ఫలిస్తుందో ముందుగా చెప్పగలిగే గుర్తు దొరకలేదు. దాత డీఎన్ఏ ముక్కలను గ్రహీత రక్తంలో కొలిచి కిడ్నీకి గాయమైందని బయాప్సీ లేకుండా పసిగట్టే పరీక్ష వచ్చింది. అది గాయాన్ని చెబుతుంది గాని, కారణాన్ని చెప్పదు.

అన్నిటికన్నా మౌలికమైన లోటు అణచివేతను కొలిచే సాధనం లేకపోవడం. రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందో తెలుస్తుంది; ఆ మోతాదు ఆ మనిషి రోగనిరోధక శక్తిని ఎంత అణచిందో తెలియదు. ఒకే స్థాయి ఒకరిలో తిరస్కరణను ఆపలేక, మరొకరిలో క్షయను రప్పించవచ్చు. మనుషుల్లో హాని చేయకుండా బతికే టార్క్ టెనో వైరస్ అణచివేత పెరిగితే రక్తంలో పెరిగి, తగ్గితే తగ్గుతుందన్న గమనింపు ఆధారంగా, దాని సంఖ్యనుబట్టి మోతాదు నిర్ణయించే పరీక్షను యూరప్‌లో చేపట్టారు. అటువంటి కొలత ఏదైనా వాడుకలో స్థిరపడేవరకు వైద్యుడి ముందున్న అంకెలు రెండే: టాక్రోలిమస్ స్థాయి, క్రియాటినిన్. వీటిలో రెండోది కిడ్నీలో గణనీయమైన భాగం దెబ్బతిన్నాక గాని పెరగదు.